మూడు ఆఫీసులు, ఒక ముహూర్తం

మా ట్రస్టుకు మూడు కల్యాణ మంటపాలు ఉన్నాయి. ఒకటి హిందూపురంలో, ఒకటి పెనుకొండలో, ఒకటి ధర్మవరంలో. ఏ ఊరి ఆఫీసుకు వెళ్లినా మూడింట్లో దేన్నైనా అడగవచ్చు. పెనుకొండ తరఫున కమిటీలో నేను సభ్యుణ్ణి. బస్టాండు దగ్గర పూజాసామాన్ల అంగడి పెట్టుకున్నవాణ్ణి. నన్ను కమిటీలోకి తీసుకున్నది తెలివి చూసి కాదు, మంటపానికి పసుపు, కుంకుమ, కర్పూరం లాభం చూసుకోకుండా ఇస్తానని.

ఇదివరకు మంటపాల పనంతా హిందూపురంలో ఈరప్ప అనే గుమాస్తా ఒక్కడే చూసేవాడు. మిగతా రెండు ఆఫీసులవాళ్లు అతనికి ఫోన్ చేసి అడిగేవారు. అడిగిన తేదీ ఖాళీగా ఉంటే "రాసుకున్నా" అనేవాడు. ఖాళీ లేకపోతే "అమ్మవారిని అడిగి చెప్తా" అనేవాడు. ఆ తర్వాత ఇక ఫోన్ చేసేవాడు కాదు. ఫోన్ రాలేదంటే మంటపం దొరకలేదని అడిగినవాళ్లే అర్థం చేసుకోవాలి. పెళ్లి మాట మీద వచ్చినవాళ్ల ముఖాన 'లేదు' అనకూడదు, ఒకసారి జంట పేర్లు రాశాక కొట్టేయకూడదు. ఇవి రెండూ మా ట్రస్టు పుట్టినప్పటి నుంచి ఉన్న ఆచారాలు. మొదటిది మర్యాద, రెండోది శుభం అని పెద్దలు చెప్పేవారు. ఫోన్ రాకపోయినా సంగతి అర్థం చేసుకోలేక, వంటపాత్రలు ట్రాక్టరులో వేసుకుని గేటు దాకా వచ్చి నిలబడిన పెళ్లివారిని కూడా నేను చూశాను. అప్పుడు కూడా వాళ్లతో ఎవరూ 'లేదు' అనలేదు. గేటు తీయలేదు, అంతే.

ఈరప్ప కళ్లు సరిగా కనపడక పని మానేశాడు. ఇక కంప్యూటరు పెట్టాల్సిందేనని చైర్మన్ జయరాముడు గారు ప్రకటించారు. ఆయనది హిందూపురం. ప్లాట్లు వేసి అమ్మే వ్యాపారం. కంప్యూటరు వచ్చేదాకా ఆ ఏడాది ఆఖరి ముహూర్తానికి ఎవరికీ మంటపం రాయకూడదని కూడా చెప్పారు. ఆ ముహూర్తం దాటితే మూఢం. మళ్లీ పెళ్లి మాట ఎత్తాలంటే నెలలు ఆగాలి.

ఆ మాటతో చిక్కులో పడింది శంకరమ్మ. పెనుకొండ పక్క పల్లెలో పూలు పండించే ముసలావిడ. నా అంగడికి పూలు వేసేది ఆమే. మనవరాలు పవిత్రకు గిరి అనే అబ్బాయితో పెళ్లి కుదిరింది. ఇద్దరి జాతకాలకూ సరిపోయింది ఆ ఆఖరి ముహూర్తం ఒక్కటే. అబ్బాయి తరఫువాళ్లు గుళ్లో చేసుకుందామన్నా శంకరమ్మ ఒప్పుకోలేదు. పొద్దున పూలు దించుతూ ప్రతిసారీ నన్ను అదే అడిగేది.

"మీ కంప్యూటరు ఎప్పుడొస్తుంది నాయనా?"

"వస్తాందవ్వా. ఎట్ల చేయల్లో ఇంకా మీటింగు జరుగుతాండాది."

"ఆ మంటపానికి ఇన్నేండ్లు ఎనక వాకిట్లో నిలబడి పూలు ఇచ్చినా. ఎవురెవురి పెండ్లిండ్లకో. నా మనవరాల్ని పట్టుకొని ఒక్కసారి ముందర వాకిట్లో నుంచి పోవల్ల. అంతకన్నా నాకేం వద్దు."

నేను అమ్మవారి పటం వైపు చూసి దండం పెట్టుకున్నాను. కమిటీ సభ్యుడిగా అంతకంటే ఎక్కువ చేయగలిగింది ఏమీ కనపడలేదు.

మీటింగు హిందూపురంలో జరిగింది. కంప్యూటరులో ఆ ప్రోగ్రాము రాయడానికి రమేష్ అనే కుర్రవాణ్ణి పిలిపించారు. అతనిది కనగానపల్లి. బెంగళూరులో పెద్ద కంపెనీలకు పనిచేసినవాడు. తన దగ్గరున్న లాప్‌టాప్ తెరిచి, మూడు ఆఫీసుల కంప్యూటర్లకు మంటపాల సమాచారం ఎట్లా అందాలో ముందు తేల్చుకోవాలనీ, అది తేలకుండా ఒక్క అక్షరం రాయకూడదనీ చెప్పాడు. దానికి మూడు పద్ధతులు ఉన్నాయట.

అతను చెప్పింది నాకు తెలిసిన దారిలో నేను అర్థం చేసుకున్నాను. మొదటి పద్ధతిలో సమాచారమంతా హిందూపురంలో ఒక్క పెట్టెలో ఉంటుంది. మూడు ఆఫీసుల కంప్యూటర్లూ నెట్టు ద్వారా నేరుగా ఆ పెట్టెలో చేయి పెట్టి చూస్తాయి, రాస్తాయి. అంటే భక్తులందరూ గర్భగుడిలోకి వెళ్లి తామే అమ్మవారిని తాకినట్టు. రెండో పద్ధతిలో పెట్టె ఒకటే కానీ మధ్యలో సర్వరు అని ఒకటి ఉంటుంది. ఎవరికేం కావాలన్నా దాన్ని అడగాలి, పెట్టె తెరిచేది అదే. పూజారి ఉన్నట్టు. మూడో పద్ధతిలో ఎవరి పెట్టె వాళ్ల దగ్గరే ఉంటుంది. పగలంతా ఎవరికి వాళ్లు రాసుకుంటారు, రాత్రి మూడు పెట్టెలనూ కలిపి సరిచూసి ఒకటిగా చేస్తారు. ఇంట్లో పటం పెట్టుకుని పూజ చేసుకున్నట్టు.

చిన్నస్వామి గారికి మొదటి పద్ధతి అసలు నచ్చలేదు. ఆయనది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం, కమిటీలో చైర్మన్ తర్వాతి మనిషి. ధర్మవరం సమాచారం హిందూపురం పెట్టెలో ఉండడమేమిటని ఆయన బాధ. తమ ఊరి మంటపంలో ఏ రోజు ఖాళీ ఉందో తెలుసుకోవడానికి ఇంకో ఊరి పెట్టెలో చేయి పెట్టాలా అని అడిగారు. రమేష్ పెట్టె ఎక్కడున్నా పనిలో తేడా ఉండదన్నాడు. తేడా లేకపోతే ధర్మవరంలోనే పెట్టమన్నారు చిన్నస్వామి. దానికి చైర్మన్ గారు తేడా ఉందన్నారు. ఈ రెండు మాటల మధ్య కాఫీలు వచ్చాయి.

రెండో పద్ధతి గురించి పెద్దగా మాట్లాడలేదు. మధ్యవర్తి జీతం తీసుకుంటాడా అని ఒకరు అడిగారు. అది మనిషి కాదు, యంత్రమని తెలిసిన తర్వాత, మాట చెల్లించుకోవడానికి వీలులేని మధ్యవర్తి ఎందుకని దాన్ని వదిలేశారు.

అప్పుడు రమేష్ మొదటి పద్ధతి ఎంత మంచిదో చూపిద్దామని లాప్‌టాప్‌లో ఒక నమూనా చేసి చూపించాడు. ఒకే తేదీకి ఒకే మంటపాన్ని రెండుసార్లు అడిగాడు. రెండోసారి తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: 'ఈ తేదీకి మంటపం లేదు.'

చైర్మన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఏమప్పా, ఇది పెండ్లి మాట మింద వచ్చినోళ్లకు కనపడుతుందా?"

"అవును సార్. వెంటనే తెలిసిపోతుంది."

"వెంటనే తెలవడమేందప్పా. తాంబూలం పట్టుకోని వచ్చినోని ముందర ఎర్రక్షరాలతో లేదని చెప్పేదా? ఈ ట్రస్టులో ఇంతవరకు ఆ మాట అనినోడు లేడు."

మూడో పద్ధతిలో ఏం వస్తుందని అడిగారు. రమేష్ కాస్త ఆలోచించి, ఆ పద్ధతిలో పగటిపూట పక్క ఆఫీసులో ఏం రాశారో ఈ ఆఫీసుకు తెలియదు కాబట్టి అడిగినవాళ్లందరికీ దాదాపుగా 'ఉంది' అనే వస్తుందని చెప్పాడు. ఒకే రోజు రెండు ఆఫీసుల్లో ఒకే మంటపానికి ఒకే తేదీ రాస్తే ఆ రాత్రి యంత్రమే అందులో ఒకదాన్ని తీసేస్తుంది.

కమిటీలో ముఖాలన్నీ వెలిగాయి. 'లేదు' అని ఎవరూ అననక్కర్లేదు. పేరు కొట్టేసే పాపం కూడా మనిషి చేతికి అంటదు, అర్ధరాత్రి యంత్రం చూసుకుంటుంది. ఈరప్ప ఇన్నేళ్లు నోటితో చేసిన పనిని ఇంత శుభ్రంగా చేసే పద్ధతి ఉందని ఎవరికీ తెలియదు. రమేష్‌కు కూడా లోపల్లోపల ఆ పద్ధతి మీదే మోజున్నట్టు కనపడింది. చేయడం కష్టమట. చేశానని చెప్పుకుంటే మంచి కంపెనీలో ఉద్యోగం వస్తుందట. ఈ మాట కాఫీ తాగేటప్పుడు నాతో అన్నాడు, కమిటీతో అనలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. రెండు ఆఫీసులు ఒకే తేదీ రాస్తే యంత్రం ఎవరిది ఉంచాలి, ఎవరిది తీసేయాలి?

ముందు వచ్చినవాళ్లది ఉంచడం న్యాయం కదా అని నేనడిగాను. మూడు కంప్యూటర్ల గడియారాలూ ఒకే టైము చూపిస్తాయని నమ్మలేమని రమేష్ అన్నాడు. చిన్నస్వామి గారు ఇంకో మాటన్నారు: ముందు రావడం గొప్పేమీ కాదు, పనిలేనివాడు ఎప్పుడైనా ముందే వస్తాడు. చివరికి ఆఫీసులకు వరస పెట్టారు. హిందూపురం మొదటిది. ధర్మవరం రెండోది, జంక్షన్ స్టేషన్ ఉంది కాబట్టి. పెనుకొండ మూడోది. హిందూపురంతో ఎవరు పోటీపడినా హిందూపురం రాసిందే నిలుస్తుంది. హిందూపురం మొదటిది ఎందుకని ఎవరూ అడగలేదు. చైర్మన్ గారు అక్కడే కూర్చుని ఉన్నారు.

"మా పెనుకొండ మూడోదెందుకు సార్?" అని మాత్రం నేనడిగాను.

"రాయలోళ్ల కాలంలో మీదే గదప్పా మొదటిది," అన్నారు చైర్మన్ గారు. "ఇంకా ఎంతకాలం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేరు పోయినవాళ్లకు ఆ సంగతి తెలియజేయాలా అని రమేష్ చివరగా అడిగాడు. చిన్నస్వామి గారు వద్దన్నారు. శుభకార్యం తలపెట్టినవాళ్లకు చెడ్డకబురు చెప్పడం మన పద్ధతి కాదు, వాళ్లే వచ్చి అడిగినప్పుడు అమ్మవారు ఇంకో తేదీ చూపిస్తుంది. కొట్టేసే బటన్ కూడా పెట్టొద్దని, పెడితే ఏ గుమాస్తా అయినా పొరపాటున నొక్కుతాడని చైర్మన్ గారు గట్టిగా చెప్పారు. రమేష్ అన్నిటికీ "మీ ఇష్టం సార్" అని రాసుకున్నాడు.

శుక్రవారం పొద్దున మూడు ఆఫీసుల్లోనూ ఒకేసారి టెంకాయ కొట్టి కంప్యూటర్లు ప్రారంభించాలని నిర్ణయమైంది. అసలు ఉత్సవం మాత్రం పెనుకొండలో పెట్టారు. దానికొక కారణముంది. చైర్మన్ గారి కొడుకు చంద్రకు చిన్నస్వామి గారి కూతురు రాధను ఇచ్చి చేస్తున్నారు. హిందూపురంలో చేస్తే ఆడపెళ్లివారు తగ్గినట్టు, ధర్మవరంలో చేస్తే మగపెళ్లివారు తగ్గినట్టు. అందుకని మధ్యనున్న పెనుకొండ మంటపంలో చేద్దామనుకున్నారు. ముహూర్తం ఆ ఆఖరి ముహూర్తమే. కంప్యూటరులో మొట్టమొదట రాసే జంట తమ పిల్లలదే కావాలని వియ్యంకులిద్దరూ ముచ్చటపడ్డారు.

ఆ సంగతి తెలిశాక నాకు మనసు మనసులో లేదు. ముందురోజు శంకరమ్మ వచ్చినప్పుడు, రేపు పెనుకొండ ఆఫీసులో పెద్దవాళ్ల సందడి, సాయంత్రం దాకా మామూలు మనుషుల్ని రానివ్వరని మాత్రం చెప్పాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. ఆమె పెద్దగా దిగులుపడలేదు. పొద్దునే హిందూపురం మార్కెట్టుకు పూల మూటలు తీసుకుపోవాలట, ఆ ఊరి ఆఫీసులోనే అడుగుతానని వెళ్లిపోయింది.

శుక్రవారం ఉత్సవంలో పూజ నేనే చేశాను. కంప్యూటరుకు మూడు చోట్ల కుంకుమ పెట్టాం. చైర్మన్ గారు కుర్చీలో కూర్చుని, చిన్నస్వామి గారు పక్కన నిలబడి, ఇద్దరూ కలిసి ఒకే వేలితో నొక్కినట్టు ఫోటో తీయించుకున్నారు. చంద్ర, రాధ అని తెర మీద పడింది. 'మంటపం మీకు కేటాయించబడింది, శుభం' అని వచ్చింది. చప్పట్లు కొట్టాం. తర్వాత కంప్యూటరు మీద పట్టుగుడ్డ కప్పి హారతి ఇచ్చాం. పూజ చేసి కప్పిన ఆ గుడ్డను తీయడానికి ఆ తర్వాత చాలాకాలం పెనుకొండ ఆఫీసులో ఎవరికీ ధైర్యం రాలేదు.

సాయంత్రం శంకరమ్మ అంగడికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. హిందూపురం ఆఫీసులో వనిత అనే అమ్మాయి కంప్యూటరులో చూసి ఉందని చెప్పిందట, పవిత్ర పేరు, గిరి పేరు రాసి ఈ కాగితం ఇచ్చిందట. పెనుకొండ మంటపం. ఆఖరి ముహూర్తం. అదే 'శుభం'. ముసలావిడ ఆ కాగితాన్ని నా అంగట్లో పటం ముందు పెట్టి కళ్లకద్దుకుంది.

ఒకే మంటపాన్ని ఇద్దరికీ శుభం అని ఇచ్చారన్నమాట. నేను లోపలికి వెళ్లి చైర్మన్ గారికి ఫోన్ చేశాను.

"సార్, మన చంద్ర పెండ్లి తేదీకే హిందూపురం ఆఫీసులో ఇంకొకరికి కూడా రాసినారంట."

"రాయనీలేప్పా. అందుకే గదా రూలు పెట్టింది. హిందూపురమే గెలుస్తాది, నువ్వేం దిగులుపడాకు."

"అదే సార్ నేను చెప్తాండేది. హిందూపురం గెలుస్తాది."

"అదే నేను గూడా చెప్తాండేది," అని పెట్టేశారు.

హిందూపురం అంటే ఆయనకు తనే. ఇన్నేళ్లుగా ఆ ఊరి తరఫున మాట్లాడి మాట్లాడి, తను పెనుకొండ ఆఫీసు కుర్చీలో కూర్చుని రాయించినా అది హిందూపురం రాసినట్టేనని ఆయన నమ్మకం. యంత్రానికి ఆ నమ్మకం నేర్పినవాళ్లు లేరు. తర్వాతి మీటింగులో ఇంకోసారి కదిపాను. అయిపోయిన విషయాన్ని మళ్లీ తీయడం పెనుకొండవాళ్లకు అలవాటని చిన్నస్వామి గారు అన్నారు. శంకరమ్మతో కూడా ఉన్నమాట చెప్పాను, ఆ తేదీకి పెద్దవాళ్ల పెళ్లి కూడా రాసుకున్నారని. ఆమె కాగితం మడిచి రవికెలో దాచుకుంది. "వాళ్లకు గూడా ఇట్లాంటి కాగితం ఉండాదేమో అడుగు నాయనా," అంది. నిజానికి లేదు. ఉత్సవం సందడిలో కాగితం తీసుకోవడం అందరూ మరిచిపోయారు.

శుభలేఖలు అచ్చయ్యాయి. హిందూపురం నుంచి ధర్మవరం దాకా పంచారు. కార్డు పైన పెనుకొండ మంటపం బొమ్మ కూడా వేయించారు, బంగారు రంగులో.

పెళ్లికి వారం ముందు వియ్యంకులిద్దరూ కారులో పెనుకొండకు వచ్చారు, అలంకారం ఎట్లా చేయాలో చూసుకోవడానికి. నేనూ వెళ్లాను. మంటపం కావలి మనిషి పోతులయ్య నిచ్చెన మీద ఎక్కి ముందరి కమాను మీద లైట్ల బోర్డు పరీక్ష చేస్తున్నాడు. హిందూపురం నుంచి వనిత ఫోనుకు పంపిన పేర్లు చూసి అక్షరాలు బిగించాడు. కారు ఆగే సరికి స్విచ్చి వేశాడు. 'పవిత్ర – గిరి' అని పెద్ద అక్షరాలు ఎర్రగా, పచ్చగా వెలిగాయి.

"ఎవురప్పా ఈ గిరి?" అన్నారు చిన్నస్వామి గారు.

పూల శంకరమ్మ మనవరాలి పెళ్లని నేను చెప్పాను. వెంటనే రమేష్‌కు ఫోన్ చేశారు. అతనప్పటికే బెంగళూరులో కొత్త ఉద్యోగంలో ఉన్నాడు. మూడు ఊళ్ల పెట్టెల్ని రాత్రికి రాత్రి కలిపే పద్ధతి చేసినవాడని వాళ్లు పిలిచి మరీ తీసుకున్నారట. ఫోనులో అన్నీ విని, యంత్రం చెప్పినట్టే చేసిందన్నాడు. ప్రారంభం రోజు రాత్రే పెనుకొండ రాసింది తీసేసి హిందూపురం రాసింది ఉంచింది. పవిత్ర, గిరి పేర్లు కొట్టేయమన్నారు చైర్మన్ గారు. కొట్టేసే బటన్ లేదని, మీరే వద్దన్నారని గుర్తు చేశాడు. అయితే ఏం చేయాలి? హిందూపురం కంటే పెద్ద ఆఫీసు ఏదైనా ఉండి, అక్కడినుంచి చంద్ర, రాధల పేర్లు రాస్తే, ఆ రాత్రికి హిందూపురం రాసింది దానంతట అదే పోతుందన్నాడు. ఆ పైఆఫీసుకు ఏం పేరు పెట్టమంటారని అడిగాడు.

చైర్మన్ గారు ఆలోచించలేదు. హిందూపురం కంటే పెద్దది ఆయన దృష్టిలో ఒక్కటే ఉంది.

"అమ్మవారి పేరు పెట్టు," అన్నారు.

నాలుగో ఆఫీసు అమ్మవారి సన్నిధి. మంటపం పక్కన ఉన్న అమ్మవారి చిన్నగుడిలో లాప్‌టాప్ పెట్టి, పూజ చేసి, అమ్మవారి తరఫున రాయాలి. పూజ నన్నే చేయమన్నారు. సామాన్లు కూడా నా అంగడి నుంచే. నేను పళ్లెంలో పసుపు, కుంకుమ సర్దుతుంటే నాకొక సందేహం వచ్చింది. వచ్చినదాన్ని లోపల పెట్టుకోలేకపోయాను.

"చిన్నస్వామన్నా, ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మనం రాసినాము, యంత్రం తీసేసింది అంటే అది వేరే. ఇప్పుడు అమ్మవారి పేరుతో రాస్తే, ఆ ముసలామె మనవరాలి పెండ్లి చెరిపింది అమ్మవారే అవుతుంది గదా. ఆ చెరిపిన తావులో మన రాధ పేరు రాస్తాండాము. ఆడపిల్ల పెండ్లి. నాకు తెలవక అడుగుతాండా, ఇది మంచిదేనా?"

చిన్నస్వామి గారు పళ్లెం వైపు చూశారు. గుళ్లోకి చూశారు. ఆయన చీరల వ్యాపారంలో ఎంతమందిని ఎట్లా చూసుకున్నారో నాకు తెలియదు కానీ, అమ్మవారికి మాత్రం నిజంగానే భయపడేవారు.

"వద్దప్పా జయరాముడూ. నా బిడ్డ పేరు ఇట్ల రాయొద్దు."

చైర్మన్ గారు ఎంత చెప్పినా ఆయన కదల్లేదు. వియ్యంకుల మధ్య మొదటి మాటపట్టింపు అక్కడే, అమ్మవారి వాకిట్లో జరిగింది. చివరికి, ముసలామెనే అడిగి మంటపం వదులుకొమ్మని చెబుదామని బయలుదేరారు. దారి చూపించడానికి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నారు.

శంకరమ్మ ఇంటి ముందర కూర్చుని కనకాంబరాలు కడుతోంది. కుర్చీలు వేయించింది, కాఫీ ఇప్పించింది. చైర్మన్ గారు వానల గురించి మాట్లాడారు. పూల ధర గురించి, బోర్లలో నీళ్ల గురించి మాట్లాడారు. ఒక మనిషిని ఒకటి ఇమ్మని అడగడం ఆయనకు అలవాటు లేని పని. అది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మాట దాని చుట్టూ తిరిగి తిరిగి వచ్చింది. కాఫీ గ్లాసు కింద పెట్టాక శంకరమ్మే అందుకుంది.

"మంటపం కోసం వచ్చినారు గదా సామీ?"

"అంతే గదమ్మా. కార్డులు గూడా పంచేసినాము."

"మాది గూడా పంచినాము. తక్కువే అనుకోండి. ఒక పని చేద్దాం. మంటపం పెద్దదే గదా. మీరు అటుపక్క, మేము ఇటుపక్క. వంట ఒకటే చేపిచ్చుకుందాం. బంతిలో అందరమూ కలిసి కూచ్చుంటాము."

చైర్మన్ గారు ఆకాశం వైపు చూశారు. ఒకే పందిట్లో ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు శాస్త్రం ఒప్పుకోదన్నారు. తిరుమల కొండ మీద ఒకే ముహూర్తానికి ఎన్ని పెళ్లిళ్లు జరుగుతాయో నాకు గుర్తొచ్చింది. ఆ శాస్త్రం వేరేమో. లేదా అభ్యంతరం పెళ్లిళ్లకు కాదేమో, బంతికేమో.

"అయితే ఇంగ లేదు సామీ," అంది శంకరమ్మ. పూలు కడుతూనే అంది, కోపం లేకుండా. "నేను ఇయ్యను. ఇచ్చి మీరు పొయ్యినాక మనవరాలితో ఏమని చెప్పేది?"

చైర్మన్ గారు ఖాళీ గ్లాసు తీసుకుని మళ్లీ నోటి దగ్గరికి ఎత్తారు. వినపడలేదేమోనని ముసలావిడ ఇంకోసారి చెప్పింది. ఆయన లేచి, ఏదో ఒకటి ఇమ్మని అడిగినట్టు ఉండాలనో ఏమో, పోనీ మా పెళ్లికి పూలైనా నువ్వే వేయమన్నారు. ఆ పొద్దు తమ ఇంట్లోనే పెళ్లి కాబట్టి దానికీ కుదరదంది.

ఇక పెళ్లి ఎక్కడన్నది తేలాలి. హిందూపురంలో అంటే చిన్నస్వామి గారు ఒప్పుకోరు. ధర్మవరంలో అంటే చైర్మన్ గారు ఒప్పుకోరు. పెనుకొండ దగ్గర హైవే పక్కన చైర్మన్ గారి కొత్త వెంచరు ఉంది. అమ్ముడుపోని ప్లాట్లలో షామియానాలు వేసి అక్కడే చేయాలని తీర్మానించారు. స్థలం మారిందని వాట్సాప్‌లో అందరికీ పంపారు. వాట్సాప్ చూసేవాళ్లు వెంచరుకు వెళ్లారు. కార్డు చూసేవాళ్లు బంగారు రంగు బొమ్మ చూసుకుని మంటపానికి వచ్చారు.

ఆ రోజు నేను మంటపంలో ఉన్నాను. వెంచరుకు కూడా వెళ్లాల్సినవాణ్ణే, కానీ ముహూర్తం ఒకటే. శంకరమ్మ కొత్త చీరలో మనవరాలి చేయి పట్టుకుని లోపలికి వచ్చినప్పుడు పోతులయ్య ముందరి గేటు రెండు తలుపులూ తీశాడు. తాళి కట్టేటప్పటికి హాలు సగం నిండింది. తాళి కట్టాక హాలు మొత్తం నిండింది. హిందూపురం వ్యాపారులు, ధర్మవరం చీరల షాపులవాళ్లు, పట్టు పంచెలవాళ్లు, కార్లలో వచ్చినవాళ్లు. లోపలికి వచ్చి, వధూవరుల తలల మీద అక్షింతలు వేసి, పవిత్ర చేతిలో కవర్లు పెట్టి, ఫోటోలు దిగి, భోజనాలకు నడిచారు.

వంటమనిషి భయపడి శంకరమ్మ దగ్గరికి వచ్చాడు. అన్నం చాలదు, వీళ్లెవరో మనవాళ్లు కాదు అన్నాడు. నాకూ భయం వేసింది. అక్షింతలు వేసినవాళ్లను ఎవరి తరఫు అని అడగకూడదంది ముసలావిడ. పల్లెకు మనిషిని పంపి, ఇరుగుపొరుగు ఇళ్లలో ఉన్న బియ్యం తెప్పించి ఇంకో డేగిసా పొయ్యి మీద పెట్టించింది. పప్పులో నీళ్లు కొంచెం ఎక్కువయ్యాయి. బంతిలో పూల రైతుల పక్కన పట్టు పంచెలవాళ్లు కూర్చుని తిన్నారు. శాస్త్రం గురించి ఎవరూ అడగలేదు, ఆకలిగా ఉన్నారు.

చైర్మన్ గారి మేనమామ కూడా వచ్చాడు. రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు, పెద్ద వయసు మనిషి, మొబైల్ ఫోను వాడడు, చంద్రను చూసింది చిన్నప్పుడే. పవిత్రనూ గిరినీ చాలాసేపు దీవించాడు. పాయసం రెండోసారి వేయించుకున్నాడు. చేయి కడుక్కుని వచ్చి, తుండుతో మూతి తుడుచుకుంటూ నా పక్కన నిలబడ్డాడు.

"పిల్లోడు మా జయరాముని పోలిక కాదప్పా, అమ్మ పోలిక అనుకుంటా. అది సరే, జయరాముడు యాడ? పొద్దున్నుంచి కనపడడేమి?"

"వెంచరు కాడ ఉన్నారు సార్," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కొడుకు పెండ్లి పొద్దు గూడా ప్లాట్లు అమ్ముతాండాడా?" అని, తాంబూలం తీసుకుని, ఆ డబ్బుపిచ్చి మనిషికి పుట్టిన పిల్లవాణ్ణి అమ్మవారే చల్లగా చూడాలని కమాను కింద నిలబడి ఇంకోసారి చేయెత్తి దీవించి వెళ్లాడు.